చెన్నై నుంచి శ్రీహరికోట రాకెట్ ప్రయోగాలు చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీహరికోటలో ప్రయోగం ఉందన్న వార్త రాగానే పెరంబూరు నుంచి తాంబరం దాకా చెన్నైలోని తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ మొదలవుతుంది: శ్రీహరికోటకు దగ్గరి ఊరైన సూళ్లూరుపేట బండి ఎక్కాలా, ఇంటి మిద్దె ఎక్కాలా? దగ్గరికి వెళ్లి చూడటమే అసలైన చూడటమని, మిద్దె మీదనుంచి చూడటం గతిలేక చేసే పని అని చాలామంది అనుకుంటారు. ఈ వ్యాసకర్త అభిప్రాయం వేరు. దగ్గరికి వెళ్లినవారికి ధ్వని దక్కుతుంది, దూరాన ఉన్నవారికి రాకెట్ నడిచిన దారి దక్కుతుంది. ఏది కావాలో ముందుగా తేల్చుకుంటే మిగతా ఏర్పాట్లన్నీ సులువవుతాయి.

శ్రీహరికోట చెన్నైకి ఎంత దూరంలో ఉంది?

శ్రీహరికోట తిరుపతి జిల్లాలో, పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య పొడవుగా సాగిన దీవి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు అది నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి పెద్దవారు ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే అంటారు. సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం, అంటే మనం షార్ అని పిలిచేది, అక్కడే ఉంది. 1971 అక్టోబరు 9న రోహిణి అనే చిన్న పరిశోధక రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి.

రోడ్డు మార్గాన చెన్నై నుంచి సుమారు 100 కి.మీ. ఉంటుంది. అయితే రాకెట్‌ను చూడటానికి లెక్కకు వచ్చేది రోడ్డు దూరం కాదు, కంటి చూపు సాగే సూటి దూరం. ఆ లెక్కన ప్రయోగ వేదికల నుంచి పళవేర్కాడు ఊరు దాదాపు 35 కి.మీ., ఎన్నూరు 55 కి.మీ., మెరీనా 75 కి.మీ., తాంబరం 90 కి.మీ. దూరంలో ఉన్నాయి.

అంత దూరం నుంచి నిజంగా కనబడుతుందా? ఎంతసేపు కనబడుతుంది?

ఆకాశం తేటగా ఉంటే తప్పకుండా కనబడుతుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల మెరీనాలో నిలబడినవారికి రాకెట్ సుమారు 400 మీటర్ల ఎత్తుకు చేరే వరకు దిగంతం కిందే ఉండిపోతుంది. కాబట్టి వేదిక నుంచి లేచిన పది, పదిహేను సెకన్ల తరువాత గానీ అది కంటికి ఆనదు. ఉత్తరం వైపు కట్టడాలో, ఓడరేవు క్రేన్లో, సముద్రం మీది మసకో అడ్డుంటే అర నిమిషం కూడా పట్టవచ్చు. ఈ సంగతి తెలియక, సమయం దాటినా ఏమీ కనబడలేదని మిద్దె దిగిపోయినవారిని ప్రతిసారీ చూస్తూనే ఉంటాం.

బాగా కనబడేది దాదాపు రెండు నిమిషాలు. దీనికి కారణం ఇంధనంలో ఉంది. పీఎస్‌ఎల్‌వీ అనే రాకెట్ మొదటి దశలో, అంటే ముందుగా మండి విడిపోయే కింది భాగంలో, మండేది ఘన ఇంధనం. అందులో కలిసిన అల్యూమినియం పొడి కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగుతో కాలి, చిక్కని తెల్లటి పొగను విడుస్తుంది. ఆ దశ సుమారు 110 సెకన్లకు ముగిసి, ద్రవ ఇంధనంతో నడిచే రెండో దశ అందుకుంటుంది. దాని మంట చాలా పలచన కాబట్టి చూసేవారికి దీపం వత్తి తగ్గించినట్లు అనిపిస్తుంది. ఇంకా పెద్దదైన ఎల్‌వీఎం3 రాకెట్ అయితే దాని పక్కన ఉండే రెండు భారీ ఘన ఇంధన బూస్టర్లు రెండు నిమిషాలకు కాస్త పైగా మండి విడిపోతాయి. దాదాపు 640 టన్నుల బరువుతో లేచే ఎల్‌వీఎం3 వెలుగుకూ, దాదాపు 320 టన్నుల పెద్ద రకం పీఎస్‌ఎల్‌వీ వెలుగుకూ తేడా మామూలు కంటికే తెలుస్తుంది. పీఎస్‌ఎల్‌వీలో కూడా పక్కన ఆరు స్ట్రాపాన్ మోటార్లు, అంటే అదనపు బలమిచ్చే చిన్న మోటార్లు, కట్టే రకం ఉంది, ఒక్కటీ కట్టని రకమూ ఉంది. 2024 డిసెంబరు 30న స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను తీసుకెళ్లినది ఈ రెండో రకం.

ఎటువైపు చూడాలి?

మొదట నేరుగా ఉత్తరానికి. ఆ తరువాత చూపును కుడివైపుకు, అంటే సముద్రం మీదికి జరుపుతూ పోవాలి. శ్రీహరికోట నుంచి లేచిన ఏ రాకెట్ అయినా నేల మీదుగా పోకుండా సముద్రం మీదుగానే వెళుతుంది, కాబట్టి మన వెనక్కి, అంటే పడమటికి, మళ్లే ప్రసక్తి లేదు.

ఎంత కుడికి, ఎంత పైకి అన్నది ఉపగ్రహం చేరవలసిన కక్ష్యను బట్టి ఉంటుంది. భూస్థిర కక్ష్య వైపు వెళ్లే జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం3 ప్రయోగాలు దాదాపు తూర్పుగా సాగుతాయి కాబట్టి చెన్నైవారికి ఈశాన్య దిక్కున కనబడతాయి. ధ్రువ కక్ష్యకు వెళ్లే పీఎస్‌ఎల్‌వీ మాత్రం ఆగ్నేయంగా వచ్చి, శ్రీలంక మీదుగా పోకుండా చుట్టు తిరిగి, ఆ తరువాత దక్షిణానికి మలుగుతుంది. ఈ ఆగ్నేయపు దారి చెన్నై తీరానికి ఎదురుగా వస్తుంది కాబట్టి రాకెట్ మన తూర్పు ఆకాశంలో బాగా ఎత్తుకు ఎక్కినట్లు కనబడుతుంది. చెన్నైవారికి దక్కే అసలైన భాగ్యం ఇదే అని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతాడు. షార్‌లోని సందర్శకుల గ్యాలరీలో ఉన్నవారికి రాకెట్ నిటారుగా ఎక్కి తమ నుంచి దూరమవుతున్నట్లు తోస్తుంది, మనకు మాత్రం అది గీసిన విల్లు వంపు మొత్తం ఒక్క చూపులో అందుతుంది.

నగరంలో ఏ చోటు మంచిది?

ఉత్తరం, తూర్పు తెరిపిగా ఉన్న ఎత్తైన మిద్దె అన్నిటికంటే మేలు. మెరీనా అందరికీ గుర్తుకు వచ్చే చోటే అయినా, దానికి సరిగ్గా ఉత్తరాన చెన్నై ఓడరేవు ఉంది. రాత్రివేళ ఆ దీపాల వెలుగు దిగంతం దగ్గర ఆకాశాన్ని తెల్లబరుస్తుంది కాబట్టి మొదటి అర నిమిషం పోయినట్లే లెక్క. కాశిమేడు, తిరువొత్తియూరు, ఎన్నూరు తీరం మరింత దగ్గర. అక్కడ కూడా కర్మాగారాల దీపాలు ఉంటాయి గానీ రాకెట్ పైకి రాగానే అవి లెక్కలోకి రావు. అర్ధరాత్రి ప్రయోగాలకు సముద్రతీరంలో కూర్చోవటం కన్నా తెలిసినవారి మిద్దె ఎక్కటమే క్షేమం. పక్కింటివారిని ఒకరోజు ముందే అడిగి పెట్టుకోండి, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తెలియక చివరి నిమిషంలో మెట్ల మీద నిలబడిపోయిన కుటుంబాలు తక్కువేమీ కాదు.

పగటి ప్రయోగం మంచిదా, రాత్రి ప్రయోగం మంచిదా?

దూరం నుంచి చూసేవారికి రాత్రి ప్రయోగమే మంచిది. పగలు మనకు కనబడేది ముఖ్యంగా పొగ గీత, దాని కొసన ఒక చుక్క. 2023 జులై 14 మధ్యాహ్నం 2.35కు చంద్రయాన్-3 బయలుదేరినప్పుడు మిద్దెల మీదనుంచి చూసినవారికి దక్కినది అదే. రాత్రి అయితే ఆరెంజి రంగు నిప్పు ముద్ద దిగంతం మీదికి లేచి, పైకి పోయే కొద్దీ తెల్లబడుతుంది.

వీటికి మించినవి సంధ్యవేళ ప్రయోగాలు. నేల మీద ఇంకా చీకటిగా ఉండగానే రాకెట్ ఎండ తగిలే ఎత్తుకు చేరుకుంటుంది. అప్పుడు దాని పొగ మీద సూర్యకాంతి పడి, పైన గాలి పలచబడిన చోట అది విప్పారి, ఆకాశంలో ఒక తెల్లని పువ్వు విచ్చుకున్నట్లు కనబడుతుంది. శ్రీహరికోట నుంచి జరిగిన నూరవ ప్రయోగం, జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15, 2025 జనవరి 29 ఉదయం 6.23కు, మన ఊళ్లో సూర్యుడు ఉదయించటానికి కొద్ది నిమిషాల ముందు బయలుదేరింది. ఇలాంటి సమయం ప్రకటించినప్పుడు అలారం పెట్టుకొని లేవటానికి బద్ధకించకండి.

ధ్వని వినబడుతుందా?

మెరుపు ముందు, ఉరుము తరువాత అన్నది ఇక్కడా వర్తిస్తుంది. ధ్వని ఒక కిలోమీటరు నడవటానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి, మెరీనాకు చేరేసరికి మూడున్నర నిమిషాలు దాటిపోతుంది. అప్పటికి రాకెట్ కనుమరుగై ఉంటుంది, నగరపు రొదలో ఆ శబ్దం గుర్తుపట్టటం కష్టం. ధ్వని కావాలనుకునేవారు గ్యాలరీకే వెళ్లాలి. అక్కడ అది చెవులకు వినబడటంతో ఆగదు, ఛాతీకి తగులుతుంది.

సందర్శకుల గ్యాలరీలోకి ప్రవేశం ఎలా?

షార్ ప్రాంగణంలోని సందర్శకుల గ్యాలరీని 2019 మార్చి 31న ప్రారంభించారు. ఆ మరునాడు, ఏప్రిల్ 1న జరిగిన పీఎస్‌ఎల్‌వీ-సీ45 ప్రయోగాన్ని ప్రజలు మొదటిసారి అక్కడినుంచి చూశారు. ఆరంభంలో సుమారు 5,000 మంది కూర్చునే ఏర్పాటు చేశారు. కరోనా కాలంలో మూతపడి, తరువాత మళ్లీ తెరుచుకుంది.

ప్రవేశానికి షార్ వెబ్‌సైటులో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ప్రతి ప్రయోగానికీ నమోదు తేదీని కొద్ది రోజుల ముందు ప్రకటిస్తారు. పేరున్న ప్రయోగాలకు చోట్లు చూస్తుండగానే నిండిపోతాయి కాబట్టి, ఇంటిల్లిపాది గుర్తింపు కార్డుల వివరాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకొని, నమోదు తెరిచే సమయానికి సిద్ధంగా కూర్చోవాలి. వెళ్లేటప్పుడు అసలు గుర్తింపు కార్డు వెంట ఉండాలి. నియమాలు ఒక ప్రయోగానికీ మరొకదానికీ మారవచ్చు, అందువల్ల పోయినసారి వెళ్లివచ్చిన బంధువు మాట కంటే ఈసారి ప్రకటనలో ఉన్న మాటనే నమ్మండి. ఒక్క హెచ్చరిక: నమోదు చేయిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులను దగ్గరికి రానివ్వకండి.

గ్యాలరీలో పెద్ద తెరలూ వ్యాఖ్యానమూ ఉంటాయి కాబట్టి కౌంట్‌డౌన్ మొత్తం వేలమందితో కలిసి గట్టిగా లెక్కపెట్టవచ్చు. ప్రయోగం అయ్యాక అందరూ ఒక్కసారిగా బయటికి కదులుతారు కాబట్టి దారిలో గంటల తరబడి ఆగవలసి రావచ్చు. పిల్లలూ ముసలివారూ ఉంటే నీళ్లు, తినుబండారాలు, గొడుగు మరవకూడదు.

చెన్నై నుంచి సూళ్లూరుపేటకు ఎలా వెళ్లాలి?

సెంట్రల్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి గూడూరు మార్గంలో సబర్బన్ రైళ్లు నడుస్తాయి. గుమ్మిడిపూండి దాకా వెళ్లేవి చాలా ఉన్నా, ఆరంబాక్కం, తడ దాటి సూళ్లూరుపేట చేరేవి తక్కువ కాబట్టి ఎక్కే ముందు బోర్డు చూసుకోండి. ప్రయాణం దాదాపు రెండు గంటలు. రోడ్డున వచ్చేవారికి 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద మరో 18 కి.మీ. వెళ్లాలి. తిరుగు రైలు వేళ చూసుకోకుండా రాత్రి ప్రయోగానికి బయలుదేరవద్దు.

సమయం మిగిలితే కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడి చూడవచ్చు. ప్రయోగాలకు ముందు ఇస్రో అధిపతులు ఇక్కడ పూజ చేయించటం పత్రికల్లో తరచుగా చూసే వార్తే. శీతాకాలమైతే సరస్సులో ఫ్లెమింగోలు కూడా ఉంటాయి.

గ్యాలరీలో చోటు దొరకకపోతే సూళ్లూరుపేట దాకా వెళ్లటం దండగా?

దండగ కాదు. ఊరు ప్రయోగ వేదికలకు సూటిగా 20 కి.మీ. పైచిలుకు దూరంలో, పడమట ఉంది. రాకెట్ తూర్పున లేస్తుంది, నిమిషం దాటాక ధ్వని కూడా అందుతుంది. సరస్సు రోడ్డు మీద నిలబడి చూడవచ్చని చాలామంది చెబుతారు గానీ, ప్రయోగం రోజున అక్కడ ఎవరిని ఎంతవరకు అనుమతించాలన్నది పూర్తిగా పోలీసుల ఇష్టం. దాన్నే నమ్ముకొని చెన్నై నుంచి కుటుంబంతో బయలుదేరటం మంచి ఆలోచన కాదు.

పళవేర్కాడు ఎలా ఉంటుంది?

మనం పులికాటు అని పిలిచే ఊరే ఇది. నగరానికీ గ్యాలరీకీ మధ్యేమార్గం కావాలంటే ఇంతకు మించిన చోటు లేదు. పొన్నేరి మీదుగా వెళ్లాలి. లైట్‌హౌసు వైపు తీరంలో నిలబడి ఉత్తరానికి, కాస్త ఎడమగా చూస్తే రాకెట్ దాదాపు వేదిక నుంచి లేచినప్పటి నుంచీ కనబడుతుంది. నిమిషంన్నర దాటాక ఉరుము లాంటి ధ్వని వస్తుంది, నగరపు రొద లేదు కాబట్టి దాన్ని గుర్తుపట్టవచ్చు. ప్రయోగాల సమయంలో జాలరులను సముద్రంలోకి వెళ్లవద్దని హెచ్చరిస్తారు. ఎవరైనా పడవలో తీసుకెళ్లి ఇంకా దగ్గరగా చూపిస్తామంటే ఒప్పుకోకండి.

ఫోనులో ప్రత్యక్ష ప్రసారం చూస్తూ, కౌంట్‌డౌన్ సున్నా కాగానే తల ఎత్తితే సరిపోతుందా?

సరిపోదు. ఇస్రో యూట్యూబ్ చానల్లో ప్రసారం చక్కగా వస్తుంది, కానీ ఇంటర్నెట్ ప్రసారం అసలు సమయానికి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనకబడి ఉంటుంది. ఒకసారి ఈ వ్యాసకర్త ఫోనులో ఇంకా పది అంకెలు మిగిలి ఉన్నాయనుకుంటూ ఉండగా, పక్క మిద్దె మీది పిల్లలు అప్పటికే అరవటం మొదలుపెట్టారు. ప్రకటించిన సమయాన్ని సెకన్లతో సహా గుర్తుంచుకొని, ఫోను గడియారాన్ని నమ్మండి. ప్రసారాన్ని, ఆపివేశారా లేదా అని తెలుసుకోవటానికీ, రాకెట్ కనుమరుగయ్యాక మిగతా కథ వినటానికీ వాడుకోండి.

ప్రయోగం వాయిదా పడితే ఎలా తెలుస్తుంది?

ఇస్రో ప్రకటనల్లోనూ ప్రసారంలోనూ తెలుస్తుంది. వాయిదా అసాధారణం కాదని ముందే మనసులో పెట్టుకోవాలి. 2019 జులై 15 తెల్లవారుజామున 2.51కి జరగవలసిన చంద్రయాన్-2 ప్రయోగాన్ని 56 నిమిషాల ముందు ఆపేశారు. వేలమంది నిద్రకళ్లతో వెనుదిరిగారు. అది వారం తరువాత, 22న మధ్యాహ్నం జరిగింది. 2024 డిసెంబరు 4న ఆగిన ప్రోబా-3 ఉపగ్రహాల ప్రయోగం మాత్రం మరునాడే వెళ్లింది.

ఆపారనగానే మిద్దె దిగిపోవటం కూడా తప్పే. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం కౌంట్‌డౌన్ చివరి 5 సెకన్ల దగ్గర ఆగింది, అదే ఉదయం 10 గంటలకు ఎగిరింది. సమయం చిన్నగా జరగటమూ ఉంటుంది. స్పేడెక్స్ ప్రయోగాన్ని రాత్రి 9.58 నుంచి 10 గంటలకు మార్చారు. వీలుంటే మరునాడు కూడా సెలవు పెట్టుకునే వెసులుబాటుతో ప్రయాణం పెట్టుకోండి.

మబ్బు పట్టి ఉంటే?

మబ్బు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ఉత్తర దిగంతంలో మేఘం ఉన్నా తూర్పు తెరిపిగా ఉంటే, రాకెట్ మేఘం వెనకనుంచి బయటికి వచ్చే అవకాశం ఉంది. రాత్రివేళ పలచని మేఘం లోపలినుంచి వెలగటం కూడా చూడదగ్గదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, అప్పుడు అదృష్టం మీద ఆధారపడవలసిందే. జనవరిలో ఉదయపు మంచు, భోగి నాటి పొగ అడ్డు.

ఫొటో తీయటం ఎలా?

రాత్రి ప్రయోగానికి కెమెరాను స్టాండు మీద బిగించి, వెడల్పు లెన్సుతో, ఐఎస్‌ఓ 100 దగ్గర, ఎపర్చరు 8 లేదా 11 పెట్టి, షట్టరును రెండు నిమిషాలు తెరిచి ఉంచితే రాకెట్ దారి మొత్తం ఒకే వెలుగు గీతగా పడుతుంది. ఫ్రేములో ఉత్తరం ఎడమ అంచున ఉండాలి, కుడివైపూ పైనా చాలా ఖాళీ వదలాలి. మొదటిసారి తీసేవారు ఖాళీ తక్కువ వదిలి, గీత ఫ్రేము దాటిపోయాక బాధపడతారు. ఫోనుతో అయితే ఫోకస్‌ను దూరానికి లాక్ చేసి వీడియో తీయండి. మొదటిసారి చూస్తున్నవారైతే అసలు ఏదీ తీయకుండా చూడటమే మంచిది, తెర మీద చుక్కను వెతుకుతూ ఉన్న రెండు నిమిషాలూ పోగొట్టుకుంటారు.

బైనాక్యులర్ వాడవచ్చా?

రాత్రి, సాయంత్రం నిరభ్యంతరంగా వాడవచ్చు. 7 లేదా 10 రెట్లు పెంచేది చాలు. స్ట్రాపాన్లు విడిపోవటం కూడా దానితో పట్టవచ్చు. ఉదయపు ప్రయోగాల్లో మాత్రం రాకెట్ వెళ్లే తూర్పు దిక్కునే సూర్యుడు ఉంటాడు. చూపు పొరపాటున సూర్యుడి మీదికి జారితే కంటికి శాశ్వత హాని జరుగుతుంది కాబట్టి, ఉదయంపూట పిల్లల చేతికి బైనాక్యులర్ ఇవ్వకండి.

బెంగళూరులో ఉన్న మా బంధువులకు కనబడుతుందా?

బెంగళూరు సూటిగా దాదాపు 300 కి.మీ. దూరం. రాకెట్ 7 కి.మీ. ఎత్తు దాటితే గానీ అక్కడి దిగంతం మీదికి రాదు, వచ్చినా తూర్పున చాలా కిందుగా ఉంటుంది. రాత్రి లేదా సంధ్యవేళ, ఆకాశం తేటగా ఉండి, తూర్పున కట్టడాలు అడ్డు లేకపోతే ఎర్రని చుక్కగా కనబడే అవకాశం ఉంది. పగలు ఆశ పెట్టుకోనక్కరలేదు. నెల్లూరు, తిరుపతి బంధువులకు ఇంతకంటే ఎంతో మేలు. విమానంలో ఉన్నవారికి తగిలే అదృష్టం వేరు: చంద్రయాన్-3 లేచేటప్పుడు చెన్నై నుంచి ఢాకా వెళుతున్న విమానం కిటికీలోంచి ఒక ప్రయాణికుడు దాన్ని వీడియో తీయగలిగాడు.

రాకెట్ మధ్యలో విడిపోయి, వెలుగు ఆగిపోయినట్లు కనబడింది. ప్రమాదం జరిగిందా?

చాలాసార్లు కాదు. పీఎస్‌ఎల్‌వీలో నేల మీద అంటుకున్న స్ట్రాపాన్లు సుమారు 70 సెకన్లకు, గాలిలో అంటుకున్నవి 90 సెకన్లు దాటాక, మొదటి దశ 110 సెకన్లకు విడిపోతాయి. ఎల్‌వీఎం3 బూస్టర్లు రెండు నిమిషాల తరువాత జంటగా విడిపోతాయి. విడిపోయిన ముక్క మీద వెలుగు కాసేపు నిలిచి చల్లారుతుంది, అది బంగాళాఖాతంలో పడుతుంది. విమానాలనూ ఓడలనూ ముందే హెచ్చరించేది అందుకే. వెలుగు తగ్గినచోటే చూపు నిలిపి ఉంచితే, చీకటి రాత్రుల్లో రెండో దశ సన్నని నక్షత్రంలా ఆగ్నేయానికి జరగటం ఇంకొంతసేపు కనబడుతుంది.